మైకు పెట్టి అరిస్తే పోని తలనొప్పి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెండ్లారా, సాక్ష్యం చెప్పమని పిలిచినారు గాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా, కోపమొస్తే రానీండి! నేను రాహేలమ్మను, ఈ జమ్మలమడుగు పక్క పల్లెలో గొర్రెలు మేపి పిల్లోల్లను సాకినదాన్ని, ఇప్పుడు అరవై ఆరేండ్లు.

పెద్దకొడుకు పుట్టినప్పటి నుంచి నాకు ఎడమ కణత పోటు. మొదట కండ్లముందర వంకర టింకరగా వెలుగు గీతలు ఆడతాయి, ఆ పైన సుత్తితో కొట్టినట్టు నొప్పి, వాంతులు, వెలుతురు పడదు, గొర్రెపిల్ల అరిచినా తల పగిలినట్టుంటాది! చెప్తే ఎవురు ఇనిరి? వయసులో ఉన్నప్పుడు పని దొంగ అనిరి, ముసలితనం వచ్చినాక "ఈ వయసులో అంతేలే" అనిరి. మందులషాపులో నొప్పి గోలీలు అడిగి దినామూ మింగుతా బతికితి.

పోయిన ఎండాకాలం మన కూటాల్లో పెద్ద సౌండు బాక్సుల పక్కన కూచుంటి. ఆ శబ్దానికి నొప్పి లేసి, చెవులు మూసుకోని కిందపడి కక్కుకుంటి. అంతే! బయటూరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు దయ్యం పట్టిందని నా నెత్తి వంచి, చెవి కాడ మైకు పెట్టి "బయటికి రా!" అని అరిచె, గోలీలు మింగేది అవిశ్వాసమని నా కొంగున ఉండేవి ఇసిరి పారేసె, మీరు, అవును మీరే, చప్పట్లు కొడితిరి! ముప్పై ఏండ్లు ఈడనే మోకాళ్లూనినదాన్ని, నాకు దయ్యమా?

నా కోడలు సువార్త జనాన్ని తోసుకోని వచ్చె. "మా యత్తకు దయ్యం లేదప్పా, తలనొప్పి! ఆ మైకు తీయండి!" అని నన్ను ఇంటికి తీసకపోయి, కిటికీకి దుప్పటి కట్టి, నా చెవికి నొప్పి తగలకుండా మెల్లగా ప్రార్థన చేసె: "తండ్రీ, మా యత్త మాట నమ్మే మనిషి కాడికి మమ్మల్ని నడిపించు."

మర్సటి దినమే ప్రొద్దుటూరికి బస్సెక్కితిమి. ఆడ డాక్టరమ్మ నేను చెప్పిందంతా ఇనె, ఈ వయసులో ఇంకేమన్నా ఉందేమోనని స్కానింగు తీయించె, చూసి చెప్పె: "ఇది మైగ్రేన్ అమ్మా, పెద్దోల్లకూ ఉంటాది. దినామూ మింగే గోలీలే నొప్పిని మళ్లా మళ్లా తెస్తాండాయి."

ఆయమ్మ నా మాట నమ్మిందని ఏడిస్తి సహోదరులారా! గోలీలు పారేసినాయన మాటే నిజమాయె అనుకోవద్దండి, ఆయన నన్ను పాపిని చేసె, ఈయమ్మ కారణం చెప్పి వేరే మందిచ్చె. అయినా ఆ పాత గోలీలు మానిన రెండు వారాలు నరకమే, "యేసయ్యా, ఈ పూట దాటించు" అని ఒక్కొక్క పూటా దాటితి, ఆయన దాటించె! ఇప్పుడు రెండు మూడు నెలలకొకసారి వస్తాది, పండుకుంటే పోతాది. పూర్తిగా పోయిందని దేవుని మందిరంలో అబద్ధం చెప్పను.

దేవునికే మహిమ, శానా మహిమ! ఆయనకు చెవుడు లేదు, మెల్లగా చెప్పినా ఇంటాడు, నమ్మండి. ఎనక బెంచీలో తల పట్టుకోని కూచున్న చిన్నప్ప మామా, నీకూ వయసేలే అంటాండారని తెలుసు. నేను నమ్ముతాండా మామా. రేపు పొద్దున ప్రొద్దుటూరు బస్సుకు రా, నేనూ సువార్తా తోడొస్తాం.