వరగోగుకు నాలుగు పేర్లు

అటవీశాఖలో నా చివరి పోస్టింగ్ సూరత్‌కు పడమట, సముద్రపు ఒడ్డు ఉప్పునేలల్లో. వానాకాలం మొదట్లో రేంజి అధికారిగా చేరాను. గడ్డి కూడా మొలవని ఆ నేలలో ఉప్పుగాలికి అడ్డంగా వరగోగు పొదలు పెంచాలి. నాటిన మూడో ఏట పై అధికారులు తనిఖీ చేస్తారు. మొక్కలు బతికి ఉంటేనే కాపలాదారు ఉద్యోగం నిలుస్తుంది.

కాపలాదారు మల్లయ్యది జగిత్యాల వైపు. సూరత్ శివారు భేస్తాన్‌లో మగ్గాల షెడ్లలో నూలుదుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మళ్లీ షెడ్డులోకి పోతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాక మా దగ్గర కుదిరాడు.

మా శాఖలో మొక్క వేరు పట్టకముందే బోర్డు లేస్తుంది. పై ఆఫీసు ఆదేశం మీద అన్ని పేర్లూ, అవి ఎలా వచ్చాయో రాయించాం. గుజరాతీలో ఖారీ జార్, అంటే ఉప్పుది. శాస్త్రనామం సాల్వడోరా పెర్సికా: మొదటిది ఒక స్పెయిన్ మందుల వర్తకుడి ఇంటిపేరు, రెండోది పారశీక దేశం. ఇక మిస్వాక్, అరబ్బీలో పళ్లు తోముకునే పుల్ల. మల్లయ్య ఇదంతా నా చేత చెప్పించుకుని కంఠతా పట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, పారశీక రాజు గుర్రం మీద తెచ్చాడని కూడా కలిపేవాడు.

"పొద్దంత గీ ఉప్పు మొకమే సూసుడాయె సార్. ఎవలన్న అస్తె జర ముచ్చట వెడ్త" అనేవాడు.

ఆ ముచ్చట బజారుకు చేరింది. పళ్లపుల్లలకు వేరుముక్కలే మేలట. మల్లయ్య బియ్యానికని భేస్తాన్ వెళ్లిన రోజున ఎవరో వచ్చి తోటంతా వేళ్లతో సహా తవ్వుకుపోయారు. తనిఖీలో తోట ఫెయిలైంది, ఉద్యోగం రద్దయింది. అతణ్ని వేరే తోటకు మార్చమని రెండుసార్లు రాశాను. ఖాళీ లేదన్నారు. నాకు ఒళ్లు మండింది, చేయగలిగిందేమీ లేకపోయింది.

"ఉప్పుల గూడ బతికింది సార్ అది. నా నోరే దాన్ని తిన్నది" అన్నాడు మల్లయ్య. తప్పు నీది కాదన్నాను. వినలేదు.

వేరే పని దొరక్క మళ్లీ మగ్గాల షెడ్డుకే పోయాడు. ఆ చలికాలం దాటలేదు.

ఉపయోగం చెప్పే పేరు మొక్కకు కాపలా కాయదని అప్పుడు తెలిసింది. తర్వాత నాటిన తోటకు, ఆదేశాలు ఎలా ఉన్నా, బోర్డు మీద శాస్త్రనామం ఒక్కటే రాయించాను. ఆ తోట ఇప్పటికీ ఉంది.