మా బడి ఆశయాలు, నియమాలు, ఒక జెర్రిపోతు

అరవైల చివర్లో, ఆ రోజుల్లో తార్నాకలో బడి పెట్టడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. నాలుగు గదుల అద్దె ఇల్లు, గేటు మీద ఇంగ్లీషు బోర్డు, పిల్లల మెడకి టై ఉంటే చాలు. చదువు తర్వాత మెల్లిగా వచ్చేది, ఒక్కోసారి రాకపోయేది కూడా. బి.ఏ. పాసై యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు కోసం ఎదురుచూస్తున్న నేను అలాంటి ఒక బడిలో ఒకటో తరగతి టీచరుగా చేరాను. (నా అర్హత: ఇంగ్లీషులో తడుముకోకుండా తప్పులు మాట్లాడగలగడం.)

మా హెడ్‌మిస్ట్రెస్ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కాబట్టి చాటుగా విజిల్ మేడమ్ అనేవాళ్ళం. మా పిల్లల్లో ఎక్కువమంది, పొలాలు వదిలి యూనివర్సిటీలోనో రైల్వేలోనో చిన్న ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళ పిల్లలు. ఆవిడ కల మాత్రం క్యాంపస్ క్వార్టర్సులోని ప్రొఫెసర్ల పిల్లలు. "వాళ్ళకి అచ్చులో చూపిస్తేనే నమ్మకం. మన ఆశయాలు, నియమాలు చిన్న పుస్తకంగా రాసివ్వమ్మా" అన్నారు.

రెండు రోజులు సెలవు పెట్టి మరీ రాశాను. మొదటి ఆశయం: పిల్లలు భయమన్నది ఎరగకుండా పెరగాలి. రెండోది: మనసులో మాట స్వేచ్ఛగా చెప్పగలగాలి. ఇక నాలుగో నియమం: బడిలో తెలుగు మాట్లాడినవారి మెడలో, 'నేను తెలుగు మాట్లాడాను' అని ఇంగ్లీషులో రాసిన చెక్క పలక సుతిలితాడుతో వేలాడాలి, గంట కొట్టేదాకా. వినడానికి ప్రజాస్వామ్యంగా ఉంటుందని "ఇది సిబ్బందికి కూడా వర్తించును" అని చేర్చాను. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా అయిన మా నాన్న (అనంతపురం వదిలి పదేళ్ళయినా యాస వదల్లేదు) కళ్ళజోడు తీసి, "భయం లేని పిల్లోళ్ళంటివి, మళ్లా మెడలో పలక కడ్తామంటివి. రెండూ నువ్వే రాస్తివామ్మా?" అన్నారు. విద్యావిధానం ఆయనకేం తెలుసని జాలిపడ్డాను.

ఆ పలకని అందరికంటే ఎక్కువసార్లు మోసింది, రామంతాపూర్ నుంచి నాన్న సైకిలు మీద వచ్చే ఆరేళ్ళ పిల్ల. బుడ్డి అని పిలిచేదాన్ని. చేరిన కొత్తలో వాళ్ళింట్లో కోడి గుడ్లు పెట్టడం దగ్గర్నుంచి అన్నీ వరసగా చెప్పేది. నెల తిరిగేసరికి నోరు మూసుకుంది. బుడ్డికి క్రమశిక్షణ అలవడిందని రిజిస్టర్లో రాశాను.

ఒక రోజు క్వార్టర్సు నుంచి ముగ్గురు ప్రొఫెసర్ల భార్యలు బడి చూడడానికి వచ్చారు. విజిల్ మేడమ్ వాళ్ళని నా తరగతి గుమ్మంలో నిలబెట్టారు. నేను మరింత ఠీవిగా 'ఎస్ ఫర్ షిప్' చెబుతున్నాను. (హైదరాబాదులో ఓడ ఎదురయ్యే ప్రమాదం ఎక్కువని ఆ పుస్తకం రాసినవారి అభిప్రాయం కాబోలు.) అప్పుడు బుడ్డి లేచి నిలబడింది. కళ్ళు నా కుర్చీ కిందే ఉన్నాయి.

"మిస్... మిస్..."

"స్పీక్ ఇన్ ఇంగ్లిష్!"

"మిస్... లాంగ్... కమింగ్ మిస్."

"హూ ఈజ్ కమింగ్? ఫుల్ సెంటెన్స్!"

పాపం, అది ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టి, "నో లెగ్స్ కమింగ్, మిస్!" అంది.

అతిథులు నవ్వారు. నేనూ నవ్వుతూ కిందికి చూశాను. మరుక్షణం బల్ల మీద ఉన్నాను. "అమ్మో పాము! నాయనోయ్ పాము!" అని నేను పెట్టిన కేక క్యాంపస్ దాకా వినిపించి ఉంటుంది. బడి ఊడ్చే ఆయమ్మ చీపురుతో వచ్చి, "జెర్రిపోతు మిస్ గది, ఏం చెయ్యది, దిగుండ్రి" అంటూ దాన్ని వెనక పొదల్లోకి తోలేసింది.

గండం గడిచిందనుకున్నాను. ఇంతలో ఒకావిడ చేతిలోని మా నియమాల పుస్తకం తిరగేస్తూ, "సిబ్బందికి కూడా అని రాశారే?" అన్నారు అమాయకంగా. విజిల్ మేడమ్ ఒక్క క్షణం తటపటాయించి ఈల ఊదారు. పలక వచ్చింది.

వరండాలో నిలబడ్డాను. ఇంటర్వెల్లు ముగిసే గంట దాకా, బడి బడంతా చూస్తుండగా. కళ్ళెత్తలేకపోయాను. అప్పుడు బుడ్డి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అటూ ఇటూ చూసి, గుసగుసగా, "ఏం గాదు మిస్. గంట గొట్టంగనే తీసేస్తరు. మెడ వంచకుండ్రి, సుతిలి గుచ్చుకుంటది" అంది.

ఆరేళ్ళ పిల్లకి అందులో అంత అనుభవం ఇచ్చింది నేనే. నేర్పిన మిగతావన్నీ ఏమయ్యాయో గానీ, ఇదొక్కటి మాత్రం దానికి బాగా వచ్చింది.

ఆ సాయంత్రం నాలుగో నియమం తీసేయమని అడిగాను. మేడమ్ చాలాసేపు ఆలోచించి, 'పాములు మొదలగునవి కనిపించిన సమయములందు మినహాయింపు' అని చేర్చారు. టీచర్నే వదలని క్రమశిక్షణకి ముచ్చటపడి, ఆ ముగ్గురిలో ఇద్దరు మర్నాడే పిల్లల్ని చేర్పించారు. నేను మాత్రం ఆ పలకని ఆయమ్మ పొయ్యిలో పెట్టించాను. ఎక్కడ పోయిందో తెలీదని ఇంగ్లీషులోనే, తప్పుల్లేకుండా అబద్ధమాడాను. కొత్త పలక చేయించేలోపు నాకు ఎం.ఏ. సీటొచ్చింది.

వెళ్ళిపోయే ముందు ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, "ఇక తెలుగులో చెప్పు" అన్నాను బుడ్డితో. నెలల తరబడి దాచుకున్నదంతా గంటసేపు చెప్పింది. కొత్త ఆవుదూడ, నానమ్మ పన్ను, నాన్న సైకిలు పంక్చరు. ఆరోజు పాఠమేదీ జరగలేదు. ఆశయాలంటూ రెండు రోజులు సెలవు పెట్టి రాసిన ఆ టీచరమ్మని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ గంటసేపూ నోరు మూసుకుని విన్నందుకు మాత్రం, ఆమెని కాస్త క్షమించేశాను.