మా మేనత్తకు నిలిపేసిన రొట్టె

మొన్న నెల మొదటి ఆదివారం హనుమకొండలోని మా చర్చిలో యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, రసం తీసుకునే ప్రభు బల్ల సంస్కారం జరిగింది. జరిగిందనడమే గానీ, వేలెడంత ప్లాస్టిక్ కప్పులో ద్రాక్షరసం, దాని మూతకే అంటించిన రొట్టె బిళ్ల, పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు వరుసల వెంట పంచుకుంటూ పోయారు. నా పక్కనున్న కుర్రవాడు ఫోన్ లోంచి తల ఎత్తకుండానే మూత చింపి గుటుక్కున మింగేశాడు. వేదిక వెనకాల ‘కృప’ అనే అక్షరాలు రంగులు మార్చుకుంటూ వెలుగుతున్నాయి. మా ఈడు వాళ్లకు ఒళ్లు మండే సంగతే, నాకూ మండింది. కానీ ఆ మంట ఆ కుర్రవాడి మీద ఎక్కువసేపు నిలవలేదు. ఎప్పటిలాగే తిరిగి తిరిగి ఇరవై నాలుగేళ్ల ఒక బడిపంతులు మీదికే వచ్చింది. ఆ పంతులు నేనే.

అప్పట్లో నాకు రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్లో కొత్తగా ఉద్యోగం. అక్కడి చిన్న క్రైస్తవ సంఘానికి పాస్టరు అయ్యగారు నెలకొక్కసారే వచ్చేవారు, బల్ల ఇచ్చేది ఆ రోజే. ముందురోజు మధ్యాహ్నం సంఘపెద్దలు సిద్ధపాటు కూడిక అని కూర్చుని, మర్నాడు రొట్టె తినడానికి ఎవరు తగినవాళ్లో, ఎవరు కారో తేల్చేవారు. బైబిలు గడగడా చదువుతానని నన్నూ పెద్దల్లో కలిపారు. రక్షణ మన మంచితనానికి కూలి కాదు, నమ్మి చేయి చాపితే ఊరికే దొరికేది అని ఆదివారం గొంతు చించుకునేవాణ్ణి. శనివారం వచ్చేసరికి కూర్చుని ఎవరి మంచితనం ఎంతో తూచేవాణ్ణి. ఈ రెండింటికీ పొసగదని నాకు తట్టనే లేదు. ఎలా తడుతుంది, ఒళ్లంతా పెద్దరికమే అయితే?

మా మేనత్త ఆ ఊళ్లోనే ఉండేది. మామయ్య పోయాక కూలి చేసుకుని ఒంటరిగా బతికింది. ఒక ఏడాది విషజ్వరంతో నెలరోజులు మంచం పట్టింది. సంఘమంతా ప్రార్థనలు చేశాం, కాదనను. గంజి కాచి తాగించింది, దుప్పట్లు ఉతికింది, బస్సెక్కించి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది మాత్రం అత్తతో నాట్లకు పోయే పక్కింటావిడ. ఆవిడది మా మతం కాదు. అత్త లేచి తిరిగితే బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కుకుందట. మేడారంలో బంగారమంటే బెల్లమే కదా. మొక్కు తీర్చుకుని వచ్చి ఒక బెల్లం ముక్క అత్త చేతిలో పెట్టింది, అత్త కళ్లకద్దుకుని తిన్నది. ఆమెను పలకరించడానికి వెళ్లిన నేను గడప దగ్గర నిలబడి చూశాను.

ఆ శనివారం ఎవరూ అడగకముందే కూడికలో చెప్పేశాను. సొంత మేనత్త అని కూడా చూడలేదని పెద్దలు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు నేనెంత ఉబ్బిపోయానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. విగ్రహాలకు పెట్టింది తిన్నదని ఆమెకు బల్ల నిలిపేశాం. సంఘం ముందు లేచి నిలబడి తప్పొప్పుకుంటేనే మళ్లీ ఇస్తామన్నాం. ఆమె ఒప్పుకోలేదు, చర్చి మానలేదు. మూడు నెలలు తలుపు పక్కన చాప మీద కూర్చుంది. రొట్టె పళ్లెం పట్టుకుని ఆమెను దాటిపోయిన వాణ్ణి నేనే.

నాలుగో నెల జ్వరం తిరగబెట్టింది. అయ్యగారు వచ్చిన రోజే తనకు రొట్టె ఇవ్వమని కబురు పెట్టింది. అయ్యగారు మెత్తని మనిషి, పెద్దల ఇష్టమన్నారు. పెద్దలు నన్ను పంపారు. మంచం పక్కన నిలబడి, తప్పైందని ఒక్కమాట అను అత్తమ్మా, చాలు అన్నాను. ఆమె నా మొహం చూసి నవ్వింది.

“ఏం తప్పు అల్లుడా? నా పానం నిలవాలని మొక్కింది ఆమె. బెల్లం వద్దంటె ఆమెను వద్దన్నట్టు గాదా? నేను సక్కగుండి సంపాయించుకునే రొట్టెనే అయితె, ఆయన సిలువ మీద ఎందుకు సచ్చిండు? జర నువ్వే చెప్పు.”

నా ప్రసంగాలన్నీ కలిపినా ఆ ఒక్క ప్రశ్నకు సాటిరావు. అది నాకు అప్పుడే తెలిసింది, అదే నా నీచత్వం. తెలిసి కూడా తిరిగి వెళ్లి, ఒప్పుకోవట్లేదని చెప్పాను. అయ్యగారు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. పది రోజులకు అత్త పోయింది.

సమాధి చేసి వచ్చాక ఎవరో పక్కింటావిడకు ఈ సంగతి చెప్పారు. అన్ని నెలలూ అత్త ఆవిడ దగ్గర నోరు విప్పనే లేదట. ఆవిడ నేరుగా నా ఎదుటికొచ్చింది.

“నా బెల్లం వల్లనేనా సారూ, మా అక్కకు మీ దేవుని రొట్టె దొరకకపాయె?”

కాదమ్మా, నా వల్ల అనాల్సింది. తల వంచుకుని చెప్పులేసుకున్నాను.

ఇప్పుడు సిద్ధపాటు కూడికలు లేవు. ఎవరు వచ్చినా కప్పు చేతిలో పెడతారు, ఆ మనిషి బతికున్నాడో చచ్చాడో మళ్లీ నెల దాకా అడగరు. దీన్ని కృప అనడానికి నాకు మనసు రాదు, మేం చేసినదాన్ని అనడానికి సిగ్గు. మొన్న కప్పు నా దాకా వచ్చినప్పుడు అత్త నవ్వే గుర్తొచ్చింది. చేయి చాపి తీసుకున్నాను. ఈ యాభై ఏళ్లలో ఎన్నిసార్లు అలా తీసుకున్నానో లెక్కలేదు. లేచి నిలబడి తప్పొప్పుకోమని నన్ను ఒక్కరూ అడగలేదు.