తువ్వాలు కప్పిన గడియారం

ఆ శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, కరెంటు మీద రోజంతా నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కర్ మీటను తక్కువ వేడి వైపు తిప్పి, లిలువాలోని మా ఫ్లాట్ నుంచి ఆరున్నర కిలోమీటర్ల దూరంలో, హౌరాలో ఉన్న ప్రయోగశాలకు బయలుదేరాను. అక్కడ నా పని ఉష్ణమాపకాలు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించడం. గిన్నెలో తొమ్మిది వందల గ్రాముల పెద్ద మాంసం, కాలి కండ, నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా ఉంది. దాని అడుగున ఆరు బంగాళదుంపలు, ఒక్కొక్కటి రెండు చెక్కల చొప్పున పన్నెండు. ఈ కుక్కర్‌లో దుంప మాంసం కన్నా ఆలస్యంగా ఉడుకుతుంది కనుక దాన్ని వేడికి దగ్గరగా ఉంచాలి.

ఆ వంట నాన్న కోసం. కడుపులో పుండుకు ఆపరేషన్ జరిగిన తరువాత అమ్మా నాన్నా నా దగ్గరకు వచ్చి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలలూ ఆయన గంజి, పెరుగన్నం మీదే బతికారు. దారం దారంగా విడిపోయేంత ఉడికితే మాంసం కొద్దిగా తినవచ్చని ఆ వారమే డాక్టరు ఒప్పుకున్నాడు. పాడైనది ఏది తిన్నా మళ్ళీ ఆసుపత్రిలో పడుకోవలసి వస్తుందని కూడా చెప్పాడు. నాన్న ఆ మాటలో మొదటి సగమే విన్నారని నాకు అప్పుడే అనుమానం.

సాయంత్రం అయిదూ నలభైకి ఇల్లు చేరి, మూత తీసి, మాంసం మధ్యలో ఉష్ణమాపకం గుచ్చాను. డెబ్బై ఎనిమిది డిగ్రీలు. అంతకు ముందు వారం ఇదే కుక్కర్‌లో ఇంతే బరువు నీళ్లు పోసి పరీక్షించినప్పుడు తొమ్మిది గంటల తరువాత తొంభై నాలుగు చూపింది. అడుగున ఉన్న దుంపలో గరిటె అంచు దిగలేదు. వాసన మాత్రం మిరియాలతో, అల్లంతో ఇల్లంతా నిండి ఉంది. వాసనను సాక్ష్యంగా తీసుకునే అలవాటు నాకు లేదు.

"అమ్మా, ఎవరైనా మూత తీశారా?"

"నానేటి సేత్తాను దాంతోటి. బుడబుడమనదు, ఈల వెయ్యదు. అది వండుతుందో తొంగుందో దేవుడికే తెలవాల."

"మధ్యలో కరెంటు పోయిందా?"

అమ్మ నాన్న వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"పోనేదు," అన్నారు నాన్న. నేను అడిగింది అమ్మను.

కిందికి ఫోన్ చేసి కాపలాదారును అడిగాను. "కారెంట్ తో జాయ్‌నీ, దీదీ," అన్నాడు. భవనంలో పొద్దుటి నుంచి కరెంటు పోలేదు. అంటే పోయి ఉంటే మా ఒక్క ఇంట్లోనే పోయి ఉండాలి.

నాన్న మంచం పక్కన ఎర్ర అంకెల గడియారం ఒకటి ఉంది. నిద్ర పట్టని రాత్రుళ్లు ఆయన దాన్నే చూస్తూ పడుకుంటారు. ఆ సాయంత్రం దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఇదెందుకు కప్పారు నాన్నా?"

"ఎర్ర లైటు కంట్లో కొడతంది."

"నాలుగు నెలలుగా కొట్టలేదా?"

"ఇయాలే మొదలెట్టింది."

"పోలీసు ఉద్యోగం రాలేదు గానీ," అంది అమ్మ వెనక నుంచి, "మా యమ్మి ఏ దొంగనీ ఒగ్గీది కాదు."

తువ్వాలు తీశాను. అంకెలు ఆరి వెలుగుతున్నాయి. ఆ గడియారానికి కరెంటు పోయి వస్తే అది పన్నెండు నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది, సరిచేసేదాకా అలా ఆరి వెలుగుతూనే ఉంటుంది. నా చేతి గడియారంలో అయిదూ యాభై రెండు. దానిలో నాలుగూ ముప్పై రెండు. అంటే కరెంటు తిరిగి వచ్చింది ఒంటిగంటా ఇరవైకి.

ఒంటిగంటా ఇరవైకి వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో నాకు తెలుసు. నాన్న కోలుకున్నందుకు ఆ రోజు చర్చిలో ఉపవాస ప్రార్థన కూటంలో కృతజ్ఞత చెల్లించారు. పది గంటలకు ఇద్దరూ కలిసి వెళ్లారు. నాలుగు నెలల్లో మా ఇల్లు పూర్తిగా ఖాళీ అయింది ఆ ఒక్క రోజే. మా గుమ్మానికీ మెయిన్ స్విచ్చికీ మధ్య ముప్పై అయిదు సెంటీమీటర్లు, భుజం ఎత్తు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ఎలక్ట్రికల్ ఫిట్టరు. ఆఖరున బయటికి వచ్చేవాడు మెయిన్ దించి రావాలన్నది అక్కడి నియమం. మేమున్న పాత వైర్ల క్వార్టర్లలోనూ అదే నియమం నడిచింది. పండక్కి వెళ్లినా పెళ్లికి వెళ్లినా తాళం కంటే ముందు మెయిన్ పడేది.

"దించారా?"

"నాను దించనేదు," అన్నారు నాన్న. కుడిచెయ్యి చూసుకుంటూ, "సెయ్యి దించీసింది," అన్నారు.

"వచ్చాక చూసుకుని ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే పారబోస్తావు."

అది నిజం. మెయిన్ పడేలోపు గడిచిన గంటా యాభై నిమిషాల్లో ఆ గిన్నె గోరువెచ్చదనం దాటి ఉండదు. ఆ గోరువెచ్చదనంలోనే మరో మూడు గంటల ఇరవై నిమిషాలు ఉండిపోయింది. మాంసం చెడడానికి అంతకంటే అనువైన స్థితిని ప్రయోగశాలలో కూడా ఏర్పాటు చేయడం కష్టం.

"మల్లీ మరగబెడితే పురుగు సచ్చిపోదేటే?" అంది అమ్మ.

"పురుగు చస్తుంది. అది వదిలిన విషం చావదు."

"ఓపాలి వాసన సూడు," అన్నారు నాన్న. "సెడిపోయిన వాసనా ఇది?"

కాదు. అయినా చెత్త సంచీ అందుకున్నాను. ఆయన గిన్నె దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, నేను సంచీ విప్పడం చూసి గదిలోకి వెళ్లిపోయారు. గడియారం మీద మళ్ళీ తువ్వాలు వేసుకున్నారు.

నేను పారబోస్తూ లెక్కపెట్టాను. దుంప చెక్కలు పదకొండే వచ్చాయి. అడుగు గీకి చూశాను, మూత తిప్పి చూశాను. సింక్‌లో కడిగిన చెంచా ఒకటి తడిగా ఉంది.

"నాన్నా, పన్నెండో చెక్క ఏది?"

"నువ్వు లెక్క తప్పీసుంటావు," అన్నారు గదిలోంచి.

భోజనానికి పప్పు, ఉడికించిన గుడ్డు. అమ్మ స్తోత్రం చేస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు ఈ ఇంటి మగవాళ్లకు దయచేయమని ప్రభువును అడిగింది. నాన్న అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నారు. గుడ్డు సగమే తిన్నారు. ఆకలి లేదన్నారు. ఆ మాటను కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం దాకా ఆయన కడుపును, జ్వరాన్ని, స్నానాల గదికి వెళ్లి వచ్చే వేళలను గమనించాను. ఏమీ కాలేదు. దాని వల్ల ఆ మాంసం మంచిదని రుజువు కాదు. ఆ దుంప చెక్క ఆయన తినలేదని కూడా రుజువు కాదు.

మొత్తం నష్టం: మాంసం తొమ్మిది వందల గ్రాములు. బంగాళదుంపలు ఆరు, అందులో పారబోసినవి పదకొండు చెక్కలు, ఆచూకీ లేనిది ఒకటి. విద్యుత్తు ఒకటీ పాయింటు రెండు యూనిట్లు. నాన్న ఎదురుచూసిన భోజనం ఒకటి.