గూడ్సు కూత

గేటు బాబాయి మీద నాకింకా కోపం పోలేదు. ఏడాదిన్నర అయింది. ఆయనకు మాత్రం నా మీద ప్రేమ పెరుగుతూనే ఉంది.

ముప్పై రెండేళ్లు రైల్వే గేటు వేసి, తీసి రిటైరైన మనిషి. స్టేషను వెనక గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు. ఆ జంక్షనులో బండి తప్పిపోయి ఎవరైనా దిగాలుగా కూర్చుంటే చాలు, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోతాడు. స్నానానికి నీళ్లు, ఉతికిన దుప్పటి, భోజనం. ఊరూ పేరూ తర్వాత. "మా ఆయన చుట్టాల్ని ప్లాట్‌ఫాం మీద ఏరుకొస్తాడు" అని పిన్ని నవ్వుతుంది. ఆ ఇంట్లో గడియారం లేదు. కూత వింటే చాలు, అది ఏ బండో, ఎంతసేపట్లో వస్తుందో ఆయన చెప్పేస్తాడు.

నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. ఆ రోజు పొద్దున్నే మరదలు ఫోను చేసింది. తమ్ముడికి నాలుగింటికి గుండె ఆపరేషను. డాక్టర్లు ధైర్యం చెప్పడం లేదు. "అక్కొచ్చిందా అని గంటకోసారి అడుగుతున్నారు వదినా" అంది. వాడూ నేనూ మాట్లాడుకుని మూడేళ్లు. ఆఖరుసారి వాడు వస్తే మొహం మీదే తలుపేశాను. నాలుగు లోపల వాడి ముందు నిలబడాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

మొదటి బండి ఆలస్యమై, జంక్షనులో రెండోది తప్పిపోయింది. తర్వాతది పన్నెండున్నరకు. అది అందితే మూడింటికి ఆసుపత్రిలో ఉంటాను. బెంచీ మీద ఏడుస్తుంటే బాబాయి వచ్చాడు.

"ఏడిస్తే బండి ముందొస్తుందా అమ్మాయ్? లే. మొహం కడుక్కుని నాలుగు మెతుకులు తిను. నిన్ను ఎక్కించే పూచీ నాది."

నిజం చెప్పాలి, ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. పిన్ని నా జడ విప్పి, దువ్వి మళ్లీ వేసింది. కంచం ముందు కూర్చున్నానో లేదో దూరంగా కూత వినబడింది. ఒక్క ఉదుటున లేచాను.

"కూర్చో, అది గూడ్సు. ఆ ఇంజను గొంతు నాకు తెలీదా? నీ బండి దాని వెనకాల. ఏమే, కూర వడ్డించు."

"ఒకసారి చూసొస్తాను బాబాయ్."

"నా చెవుల మీద నమ్మకం లేదా?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

మర్యాదకు పోయి కూర్చున్నాను. తగలబడనీ ఆ మర్యాద.

కూత గూడ్సు ఇంజనుదే. ఆయన చెవి తప్పలేదు. కానీ దారిలో నా బండి ఇంజను చెడిపోతే, దానికి గూడ్సు ఇంజను తగిలించి పంపారు. మేం వెళ్లేసరికి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫాం దాటుతోంది. చెప్పులు వదిలేసి పరిగెత్తాను. నా వెనక ఆ ముసలాయన "ఆపండి, ఆపండి" అని అరుస్తూ వచ్చి కంకర మీద పడ్డాడు. మోకాళ్లు చీరుకుపోయాయి. నేను లేపలేదు. "నా తమ్ముణ్ణి చంపేశావు" అన్నాను.

బస్సైతే అయిదు గంటల దారి. ఇంకో రైలు సాయంత్రం ఆరింటికి. ఫోనులోనైనా మాట్లాడదామంటే వాడున్న ఐసీయూలోకి ఫోను తీసుకెళ్లనివ్వలేదు. నాలుగు దాటేదాకా ఆ ఇంటి గుమ్మంలో తల బాదుకుంటూ కూర్చున్నాను. పిన్ని నా తలకూ గోడకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బాబాయి ఇంట్లోకి రాలేదు.

నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. తమ్ముడు ఆపరేషను బల్ల మీదే పోయాడు.

మర్నాడు బాబాయి ఫోను. "తమ్ముడెలా ఉన్నాడమ్మా?" ఆయన నిన్నటినుంచీ మెతుకు ముట్టలేదని వెనకనుంచి పిన్ని చెబుతోంది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. "గండం గడిచింది బాబాయ్" అని వచ్చింది.

జాలిపడి అన్నాననుకునేరు. అదేం కాదు. ఆయన ప్రతివారం ఫోను చేసి వాడు తిన్నాడా, నడుస్తున్నాడా అని అడుగుతాడు. ఆ ఫోను కోసం నేనే కాచుకుని కూర్చుంటాను. లోకంలో నా తమ్ముడు బతికున్నది ఆ రెండు గదుల ఇంట్లోనే.

నిన్న మాత్రం పట్టుబట్టాడు. "ఒక్కసారి వాడికి ఫోనివ్వు. గొంతు వింటాను."

"పనికెళ్లాడు బాబాయ్."

"పనిలోకి దిగాడా! ఏమే, విన్నావా, కుర్రాడు పనికెళ్తున్నాడట!" అని ఇల్లెగిరిపోయేలా కేకేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కొత్తలో బరువులెత్తనివ్వకమ్మా."

చెబుతానన్నాను.