పండ్ల డాక్టరు మీద బాపు పెట్టిన పోస్టు

మా బాపు మందమర్రిల బొగ్గుబాయి పని చేసి రిటైరైండు. అప్పటి సంది ఆయనకు ఫోనే లోకం. ఒకసారి దవడ పన్ను పీకించుకొని వచ్చిండు. తెల్లారేసరికి బుగ్గ ఉబ్బి కన్ను మూసుకపోయింది. డాక్టరుకు ఫోన్ చేద్దామంటే ఇనలే. మంచంల కూసోని, డాక్టరు పేరు పెట్టి ఫేస్‌బుక్కుల రాసిండు: "వీడు పండ్ల డాక్టరే కాదు. దొంగ సర్టిఫికెట్ కొనుక్కున్న పశువుల డాక్టరు."

దుబాయిల ఉన్న మా చిన్నాయిన కొడుకు దాన్ని షేర్ చేసిండు. పొద్దుగూకేసరికి కాలనీ మొత్తం సదివింది. బాపు నొప్పి మర్చిపోయి, ఎవరేం రాసిండ్రో మాకు సదివి ఇనిపించిండు.

మొదలు ఫోన్ చేసింది మా కాలనీల ఉండే పశువుల డాక్టరు. "నడుమ మేమేం చేసినం?" అని బాధపడ్డడు. ఆయన్ను సముదాయించేసరికి బాపుకు నోరెండింది. ఆ వెంబడే పండ్ల డాక్టరు తరఫున నోటీసు వచ్చింది. పరువు నష్టం దావా వేస్తరట.

"నా పన్ను, నా ఫోను, నా ఇష్టం," అన్నడు బాపు.

"గదే కోర్టుల చెప్పు," అన్నది అవ్వ.

నేనే ఆయన్ను వకీలు దగ్గరికి తోలుకపోయిన.

"వాపొచ్చింది, నొప్పి తగ్గలే అని రాస్తే అది మీకు జరిగిన ముచ్చట," అన్నడు వకీలు. "దొంగ సర్టిఫికెట్ అన్నరు. చూసిండ్రా?"

"చూడలే సారు. కోపంల రాసిన."

"కోపం కోర్టుల చెల్లదు. క్రిమినల్ కేసు గూడ పెట్టొచ్చు. పోస్టు తీసేసి, క్షమాపణ రాయుండ్రి."

బాపు అక్కడనే రాసిండు: "ఆయన పశువుల డాక్టరు కాదు. పశువుల డాక్టర్లు మస్తు మంచోళ్లు."

వకీలు అద్దాలు తీసి మొఖం తుడుచుకున్నడు. "పెద్దయ్యా, ఇంకో నోటీసు వస్తది," అని తనే చెప్పి రాయించిండు.

అది పెట్టినంక పండ్ల డాక్టరే ఫోన్ చేసిండు. "కేసు వద్దు గాని, వాపెట్లున్నది? వచ్చి చూపించుకోండ్రి."

బాపు భయపడుకుంటనే పోయిండు. డాక్టరు ఆయన నోట్లె సాధనం పెట్టి, నెమ్మదిగ అడిగిండు: "గోడకున్న సర్టిఫికెట్ కనపడుతుందా?"

నోరు తెరుచుకునే ఉన్న బాపు "ఆ" అన్నడు.

లోపల ఇరుక్కున్న పన్ను ముక్క తీస్తే నొప్పి తగ్గింది. బాపు సంబురపడి, "సారు, మీరు దేవుడని ఫేస్‌బుక్కుల రాస్త," అన్నడు.

"వద్దు పెద్దయ్యా," అన్నడు డాక్టరు. "నా గురించి ఏం రాయకుండ్రి."