మాస్కు దించి దగ్గిన పరామర్శ

మా ఆయనకు మంగళ, గురు, శనివారాల్లో నాంపల్లిలో డయాలసిస్. అలసి ఉంటారని ఆ రోజుల్లో మా అబిడ్స్ ఇంటికి చుట్టాలు రారు. మిగిలిన నాలుగు రోజులూ వాళ్లవే.

ఒక బుధవారం ఆయన అక్కగారు, మా వదిన, కోఠి నుంచి వచ్చారు. జలుబుతో గొంతు బొంగురుపోయింది. మాస్కు ఇచ్చాను. పెట్టుకుని తమ్ముడి తలాపున కూర్చున్నారు. దగ్గు వచ్చినప్పుడల్లా దాన్ని గడ్డం కిందికి దించి, దగ్గి, మళ్లీ పైకి లాక్కున్నారు.

"దగ్గేటప్పుడే గదా వదినా, అది ఉండాల్సింది?"

"కొత్తది పిల్లా, ఖరాబైతది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

శుక్రవారం ఆయనకు దగ్గు మొదలైంది. శనివారానికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. కిడ్నీలు పనిచేయని మనిషి కదా, నీళ్లు ఎక్కువ తాగి ఉంటారని, అవి ఒంట్లో చేరే ఆయాసం వచ్చిందని చుట్టాలంతా ఫోన్లోనే తేల్చేశారు. "దొంగతనంగ తాగుతున్నడేమో, గ్లాసులు దాచిపెట్టు" అన్నారు వదిన. నేను కొలిచి ఇచ్చే నీళ్లు పిచ్చుక స్నానానికైనా చాలవు.

డయాలసిస్‌కు ముందు బరువు చూస్తారు. ఒంట్లో నీరు చేరితే బరువు పెరగాలి. ఆయన బరువు ఎప్పటిలాగే ఉంది. డాక్టరమ్మ అనుమానపడి ఎక్స్‌రే తీయించారు. కుడి ఊపిరితిత్తికి న్యుమోనియా, బాక్టీరియా వల్ల వచ్చిందన్నారు.

"డయాలసిస్ వాళ్లకు తట్టుకునే శక్తి తక్కువమ్మా. జ్వరం పెద్దగా లేకపోయినా లోపల ముదిరిపోతుంది. వెంటనే మళ్లీ వస్తే చాలా కష్టం."

ఆస్పత్రిలో ఉండి కోలుకుని ఇల్లు చేరిన మర్నాడే వదిన వచ్చారు, దగ్గుతూనే. తలుపు తీయలేదు. వరండాలో వేసిన కుర్చీని కిటికీలోంచి చూపించాను.

"కిరాయికి ఇల్లు అడగనీకి వచ్చిన్నా నేను? నా తమ్మితోని గీడ కూసొని మాట్లాడాల్నా?"

"దగ్గు తగ్గినంక లోపలికి రండి వదినా."

లోపలి నుంచి ఆయన, "రానియ్యరాదే, అక్క బాధపడ్తది" అన్నారు.

"మీరు ముందు మంచిగ ఊపిరి తీస్కోండి."

వదిన కూర్చోలేదు. ఆమె ఆటో కోఠి చేరేలోపే నా పొగరు సంగతి గన్‌ఫౌండ్రీ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఉన్న చుట్టాలందరికీ తెలిసిపోయింది. ఆడపడుచునే వాకిట్లో నిలబెట్టిన ఇంటికి ఇంకెవరొస్తారు? ఎవరూ రాలేదు. మందులతోపాటు ఈ అపకీర్తి కూడా ఆయనకు బాగా పనిచేసింది.

తర్వాతి ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తి శుభ్రంగా ఉందన్నారు డాక్టరమ్మ.

"అందరికీ ఫోన్ చేసి చెప్దామా?" అన్నారు ఆయన సంబరంగా.

"ఇంకో నెల ఆగి చెప్దాం" అన్నాను.